నెహ్రూ గారు అనని మాట

వ్యాసం బాగా రాశానో లేదో తేల్చుకోవడానికి తొమ్మిదో తరగతిలో నాకొక్కటే కొలత. ఎన్ని అడిషనల్ షీట్లు తీసుకున్నానన్నదే. తెలుగు పరీక్ష రోజున హాల్లో అందరికంటే ముందు లేచి "షీటండీ!" అనేదాన్ని. ఆ కేక ఇన్విజిలేటరు కోసం కాదు, వెనక బెంచీల వాళ్ల కోసం. లైనుకి నాలుగైదు మాటలు, పేరాకి పేరాకి మధ్య రెండు లైన్ల ఖాళీ, సైడ్ హెడింగుల కింద పచ్చ స్కెచ్ పెన్నుతో గీతలు. అలా రాస్తే ఎవరికైనా షీట్లు చాలవు. ఆఖరి బెల్లు ముందు తెల్ల దారం ఇచ్చేవాళ్లు. ముడి వేసేటప్పుడు పక్కమ్మాయిని ఒక వేలు అదిమి పట్టమనేదాన్ని. అంత లావు కట్టేమీ కాదు. కానీ నా కట్టకి వేలు కావలసి వచ్చిందని నలుగురికీ తెలియాలి కదా.

కొట్టివేతలు లేకపోవడం నా రెండో గర్వం. "పేపరు ముత్యాల్లా ఉండాలి, కొట్టివేతలుంటే మార్కులు పోతాయి" అని బళ్లో చెప్పిన మాటని నేను వేదంలా పట్టుకున్నాను. మొదట ఏ మాట కలంలోకి వస్తే అదే ఆఖరి మాట. మధ్యలో వాక్యం అడ్డం తిరిగినా సరే, దాన్ని కొట్టేయకుండా "మరియు"లు తగిలించి ఎలాగోలా చివరికి లాక్కొచ్చేదాన్ని. కర్త ఒక చోట, క్రియ ఇంకో చోట, మధ్యలో దిక్కులేని విశేషణాలు. చూడ్డానికి మాత్రం పేపరు ముత్యాల్లాగే ఉండేది.

ఇక సరుకు సంగతి. గైడులో వ్యాసాలు వరసగా ఉండేవి: గ్రంథాలయాలు, వార్తాపత్రికలు, వరకట్నం, అధిక జనాభా, కాలుష్యం, జాతీయ సమైక్యత. ప్రతిదానికీ ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, దాన్నే తెలివి అనుకున్నాను. అన్నీ కంఠతా పట్టాక ఒక రహస్యం కనిపెట్టాను. ముగింపు పేరాలన్నీ ఒకటే! ప్రభుత్వమూ ప్రజలూ స్వచ్ఛంద సంస్థలూ కలసికట్టుగా కృషి చేసిన నాడు వరకట్నం పోతుంది, కాలుష్యమూ పోతుంది, గ్రంథాలయాలైతే వర్ధిల్లుతాయి. ఒక్క క్రియ మారుస్తే చాలు. ఈ సూత్రం ఇంకెవరికీ తెలియదని చాలా కాలం నమ్మాను. మాస్టారు ఆవు వ్యాసం కథ చెప్పినప్పుడు క్లాసంతా విరగబడి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ కథలో కుర్రాడు ఏ విషయం ఇచ్చినా ఆవుని దాని దగ్గరికి తోలుకెళ్లి కట్టేస్తాడు కదా, వాడిది వెర్రి అనుకున్నాను. నా దగ్గర ఆరు ఆవులున్నాయి కాబట్టి నాది పాండిత్యం.

అసలు తప్పు కొటేషన్ల దగ్గర జరిగింది. వ్యాసంలో మహానుభావుల సూక్తులుంటే రెండు మార్కులు ఎక్కువ పడతాయని ప్రతీతి. గైడులో ఉన్నవి అందరూ రాస్తారు. కొత్తవి కావాలంటే చదవాలి. చదవడం ఎందుకు, నేనే చేస్తే పోలా అనిపించింది. దానికి కొన్ని జాగ్రత్తలు పెట్టుకున్నాను. తెలుగు కవుల జోలికి పోకూడదు, మా మాస్టారికి వాళ్లు నోటికొచ్చు. బతికున్నవాళ్ల జోలికీ పోకూడదు. యువత గురించైతే వివేకానందుడు, పల్లెల గురించైతే గాంధీగారు, మిగతా సమస్త విషయాలకీ నెహ్రూ గారు. ఆయన చాలా రాశారని విన్నాను, అంత రాసినాయన ఇదొక్కటీ రాసి ఉండరని ఎవరు రుజువు చేస్తారు? ఇవాళ వాట్సాప్‌లో కలాం గారి ఫోటో కింద వచ్చే సూక్తులు చూసి అందరూ తల పట్టుకుంటారు గానీ నేను నోరెత్తను. ఈ వృత్తిలో నేను వాళ్లకి సీనియర్ని.

భాష గురించి కూడా చెప్పాలి. ఇంట్లో "లైబ్రరీ తలుపు తీశారా?" అని అడిగే పిల్ల కాగితం మీద "గ్రంథాలయములు మానవుని విజ్ఞానతృష్ణను తీర్చునట్టి" అని మొదలుపెట్టేది. అలా రాయమని ఎవరూ అనలేదు. అలా రాస్తేనే వ్యాసమని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఈ వెర్రి ఎంత పెద్దదో చాలా ఏళ్ల తర్వాత, గిడుగు రామమూర్తి గారి చరిత్ర చదివినప్పుడు తెలిసింది. తెలుగులో వాడుక భాష కోసం జరిగిన పోరాటంలో ఒక పెద్ద ఘట్టం సరిగ్గా పరీక్షలో పిల్లలు రాసే వ్యాసం దగ్గరే జరిగింది. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షకి తెలుగు వ్యాసం కావ్యభాషలో రాసినా సరే, వాడుక భాషలో రాసినా సరేనని బోర్డు అనుమతించింది. మొదటి దానికి చిన్నయసూరి నీతిచంద్రికనీ, రెండో దానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రనీ మచ్చుకి చూపించారు. పండితులు భగ్గుమన్నారు. కావ్యభాష కోసం జయంతి రామయ్య పంతులు గారి వైపు సభలు, వాడుక భాష కోసం గిడుగు వారి వైపు సభలు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసింది కూడా మద్రాసు విశ్వవిద్యాలయంలో పిల్లలు తెలుగు కాంపోజిషన్ ఏ భాషలో రాయాలన్న వివాదం మీదే. ఒంట్లో బాగోలేని మనిషి, మరుసటి ఏడు పోయారు. మా బోటి పిల్లలు నోటితో మాట్లాడినట్టు రాసుకోవాలని అంత పెద్దవాళ్లు అంత కొట్లాడితే, డెబ్బై ఏళ్ల తర్వాత నేను పచ్చ స్కెచ్ పెన్ను పట్టుకుని స్వచ్ఛందంగా అవతలి పక్షంలో చేరాను.

నేను తొమ్మిది చదివిన ఆ ఏడు నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలొచ్చాయి. ఏటా 14 నుంచి 20 దాకా జరుగుతాయి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో హైస్కూలు పిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం గ్రంథాలయాల ఆవశ్యకత. నా పంట పండిందనుకున్నాను. అలెగ్జాండ్రియా గ్రంథాలయంతో మొదలుపెట్టి, అది తగలబడిన మంటలు రెండు పేజీలు వర్ణించి, లండన్ మీదుగా కలకత్తా దాకా వచ్చి, జాతికీ పుస్తకానికీ ఊపిరితిత్తులకీ సంబంధం కలిపి ఒక వాక్యం తయారుచేసి, "అని పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ నొక్కి వక్కాణించిరి" అని తగిలించాను. 14వ తేదీ ఆయన పుట్టినరోజు కూడానాయె. సమయస్ఫూర్తి.

ఆ రోజు వరకూ నేను ఆ గ్రంథాలయం గుమ్మం ఎక్కలేదు. అరుగు మీద ఎప్పుడూ మగవాళ్లే. పేపరుని విడదీసి తలా ఒక కాగితం పట్టుకుని, ఒకరి దగ్గర సినిమా పేజీ అయితే ఇంకొకరు లాక్కుంటూ కూర్చునేవాళ్లు. ఆడపిల్లలు అటు వెళ్లేవాళ్లు కాదు. వెళ్లొద్దని మా ఇంట్లో ఎవరూ అన్నది లేదు, నేను అడిగిందీ లేదు. గ్రంథాలయాల మీద వ్యాసం మాత్రం అప్పటికి ఎన్నిసార్లు రాశానో. లోపలికి వెళ్లకపోవడానికీ ఆ వ్యాసానికీ ఏమైనా సంబంధం ఉందేమోనన్న అనుమానం కూడా రాలేదు.

మొదటి బహుమతి పేజీన్నర రాసిన ఎనిమిదో తరగతి కుర్రాడికి వచ్చింది. నాకు మూడోది కూడా లేదు. ఏదో పొరపాటు జరిగిందని, పాపం నా షీట్లు ఎక్కడో జారిపోయి ఉంటాయని జాలిపడి, సాయంత్రం నేరుగా లైబ్రేరియన్ గారి దగ్గరికే వెళ్లాను.

"నావి షీట్లన్నీ అందాయా అండీ?"

"అందాయమ్మా. ముడి విప్పడానికే సగం పొద్దు పట్టింది."

టేబులు సొరుగులోంచి నా కట్ట తీసి, కళ్లజోడు సర్దుకుని, ఊపిరితిత్తుల దగ్గర వేలు పెట్టారు. "ఈ మాట నెహ్రూ గారు ఎక్కడన్నారు?"

జనరల్ నాలెడ్జి పుస్తకం పుణ్యమా అని ఒక పేరు తెలుసు. "డిస్కవరీ ఆఫ్ ఇండియాలో అండీ" అన్నాను, తడుముకోకుండా.

ఆయన మారు మాట్లాడలేదు. లేచి వెళ్లి వెనక బీరువాలోంచి ఆ పుస్తకం తెలుగు అనువాదం తీసుకొచ్చారు. అట్ట ఊడితే గోధుమరంగు కాగితం అంటించి ఉంది. దుమ్ము దులిపి నా చేతిలో పెట్టారు. "ఆ వాక్యం ఉన్న చోట ఒక కాగితం ముక్క పెట్టి పట్టుకురా. అప్పుడు బహుమతి సంగతి చూద్దాం" అన్నారు.

బుద్ధున్న పిల్లయితే అక్కడే ఒప్పేసుకునేది. నేను పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టాను. నా మూర్ఖత్వాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నేను అల్లిన వాక్యాన్ని నెహ్రూ గారి పుస్తకంలో వెతుక్కోవడం! దొరుకుతుందని నిజంగానే ఆశ. అంత పెద్దమనిషి, జైల్లో బోలెడు తీరిక ఉన్నవాడు, ఇన్ని వందల పేజీల్లో ఎక్కడో ఒకచోట పుస్తకాల గురించీ ఊపిరి గురించీ ఒకే వాక్యంలో అని ఉండడా? 1944లో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉంటూ రాశారట. సింధులోయ అయింది, బుద్ధుడు అయ్యాడు, అశోకుడు, అక్బరు అయ్యారు. ఊపిరితిత్తులు లేవు. మొదట్లో పేజీ మీద చూపు పరిగెత్తించేదాన్ని. తర్వాత్తర్వాత ఎక్కడ తప్పిపోతుందోనని భయం వేసి ప్రతి వాక్యమూ చదవడం మొదలుపెట్టాను. మా అమ్మ ఇది చూసి "పిల్ల కలెక్టరు పరీక్షకి చదువుతోంది" అని పక్కింట్లో చెప్పుకుంది.

అర్థమైంది తక్కువే. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ఊళ్లలో మీటింగులకి వెళ్లినప్పుడు జనం భారత్ మాతా కీ జై అని కేకలు వేస్తారట. ఈయన వాళ్లని, ఆ మాత ఎవరు, ఎవరికి జయం కోరుతున్నారు అని అడుగుతాడు. వాళ్లు తెల్లమొహం వేస్తారు. చివరికి ఒక జాట్ రైతు, ధరిత్రి అంటాడు. ఈయన వదలడు, ఏ భూమి, మీ ఊరిదా, జిల్లాదా, దేశం మొత్తమా అని మళ్లీ అడుగుతాడు. చదువుతూ నాకు చిరాకేసింది. అంత పెద్ద నాయకుడు, ఒక కొటేషన్ పడేసి ముందుకు పోక, పొలం వాళ్లని కూర్చోబెట్టి ప్రశ్నలేమిటి? వాళ్లేమన్నారో దాన్ని పుస్తకంలోకి ఎక్కించడమేమిటి? అది గైడులో చెప్పిన పద్ధతి కాదు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు "కనిపించలేదండీ" అన్నాను. "బహుశా ఇంగ్లీషులో ఉందేమో, అనువాదంలో పోయిందేమో" అని కూడా అన్నాను. అంత జరిగాక కూడా.

ఆయన నవ్వలేదు. "ఆయనకి రాయడం వచ్చమ్మా. ఇలాంటి వాక్యం రాయడు" అన్నారు.

దొంగతనం పట్టుబడినందుకు కాదు గానీ, నా వాక్యం బాగాలేదన్నందుకు కళ్లనీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన గొంతు మార్చారు. "మళ్లీ రాసుకురా. బహుమతి లేదు, ఊరికే. ఈ లైబ్రరీ గురించి రాయి."

"దీని గురించి ఏముందండీ రాయడానికి?"

"మీ నాన్న దీనికి డబ్బు కడతాడు. తెలుసా?"

తెలియదు. ఇంటికొచ్చి దండెం పక్కన తీగకి గుచ్చిన కాగితాల్లో వెతికితే ఇంటి పన్ను రసీదు దొరికింది. పన్ను కింద ఇంకో వరసలో గ్రంథాలయ సెస్సు. కార్బన్ మరకల్లో సగం చెరిగిపోయిన చిన్న అంకె. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు వసూలు చేస్తారని లైబ్రేరియన్ గారే చెప్పారు. అంటే ఆ అరుగు మీద పేపరు లాక్కుంటున్న వాళ్లంతా మా నాన్న డబ్బుతో కూడా చదువుకుంటున్నారు, నేను తప్ప.

ఆ తర్వాత ఆయన పడవ సంగతి చెప్పారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారట. పడవ ఆగిన చోట జనం వచ్చి పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకెళ్లేవాళ్లట. అది మా కాలువే! గేదెల్ని కడిగే కాలువ, మేం రేవులో బట్టలు జాడించే కాలువ. నేను అలెగ్జాండ్రియా మంటల దగ్గర చలి కాచుకుంటున్నాను గానీ, అదే నీళ్ల మీద పుస్తకాలు తేలుకుంటూ మా రేవుకొచ్చాయని తెలియదు. 1914లోనే బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయాల మహాసభ జరిగిందనీ, అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాల కోసం జీవితమే ధారపోశారనీ, వేటపాలెంలో 1918లోనే సారస్వత నికేతనం పుట్టిందనీ ఆయన వరసగా చెప్పుకుపోయారు. గైడులో వీటిలో ఒక్క ముక్కా లేదు. ఉందేమో, నేను కొటేషన్లే చూసుకున్నాను.

నాయనమ్మనడిగాను. "పుస్తకాల పడవా? ఉండేది. మా అన్నయ్య తెచ్చుకునేవాడు. రేవులో తడిపాడని మా నాన్న చేతిలో తిన్నాడు కూడా" అంది. అంతే. ఏ పుస్తకమో, ఎంత తడిసిందో ఆమెకి గుర్తులేదు. నేను మాత్రం ఆ ఒక్క ముక్కని పట్టుకుని, తడిసిన పుస్తకానికి కన్నీళ్లు, కన్నీళ్లకి కాలువ, కాలువకి జ్ఞానప్రవాహం కలిపి, నాలుగు షీట్ల వ్యాసం రాసి పట్టుకెళ్లాను. మొదలు మళ్లీ "గ్రంథాలయములు మానవుని".

లైబ్రేరియన్ గారు పెన్సిలు తీసి మొదటి పేరా మీద అడ్డంగా గీత పెట్టారు. ఒళ్లు జలదరించింది. ముత్యాల్లాంటి పేపరు! రెండో పేరా మీద ఇంకో గీత. "ఇక్కణ్ణించి మొదలుపెట్టు" అని రసీదు దగ్గర చుక్క పెట్టారు. జ్ఞానప్రవాహం పోయింది, కన్నీళ్లు పోయాయి. మిగిలినవి మా నాన్న కట్టిన సెస్సు, అరుగు మీద విడిపోయిన పేపరు, నాయనమ్మ అన్నయ్య తిన్న దెబ్బలు. "ఇంతేనా అండీ? పేజీ కూడా రాదు." "రాకపోతే ఇంకో నాలుగు ముక్కలు కనుక్కురా, రాసిందాన్ని మాత్రం సాగదీయకు" అన్నారు. మళ్లీ రాసుకెళ్లాను, మళ్లీ పెన్సిలు. నా దృష్టిలో కొట్టివేతంటే చేతకానితనం. ఆయన తను వారోత్సవాల సభలో చదివిన నివేదిక చిత్తుప్రతి చూపించాక గానీ ఆ మూఢనమ్మకం కాస్తయినా సడలలేదు. అందులో కొట్టేసిన వాక్యాలే ఎక్కువ, ఉంచినవి అక్కడక్కడా బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి.

చివరికి అది పేజీ పైన కాస్త అయింది. వాడుక మాటల్లో ఉంది. ఊపిరితిత్తులు లేవు. దాన్ని గ్రంథాలయం నోటీసు బోర్డుకి గుచ్చారు. అరుగు మీద వాళ్లు చదివి, మా నాన్నని బజార్లో ఆపి, "ఏమయ్యో, లైబ్రరీ నీ డబ్బుతో నడుస్తోందంట గదా!" అని కొన్నాళ్లు ఆటపట్టించారు. నాన్న నన్ను ఏమీ అనలేదు గానీ, తర్వాతి రసీదు తీగకి గుచ్చకుండా బీరువాలో పెట్టుకున్నాడు.

ఇక్కడితో నాకు జ్ఞానోదయమైందని చెప్తే అబద్ధమవుతుంది. వ్యాసం రాయడమంటే ఏమిటో తెలిసిపోయిందని పొంగిపోయాను, అదే కొంప ముంచింది. సొంత ఊరి సంగతి ఉండాలి, పెద్దవాళ్లనడిగిన ముక్క ఉండాలి, నీళ్లుంటే మరీ మంచిది. సూత్రం దొరికిందనుకున్నాను. డిసెంబరు పరీక్షలో అధిక జనాభా మీద వ్యాసం వచ్చింది. పడవెక్కించాను: ఆ రోజుల్లో జనం తక్కువ కాబట్టి పడవలో పుస్తకాలు అందరికీ సరిపోయేవి అని. తర్వాత కాలుష్యం వచ్చింది, అది మరీ సులువు, కాలువ చేతిలోనే ఉంది. జాతీయ సమైక్యతకి పడవలో అన్ని కులాలవాళ్లనీ నేనే కూర్చోబెట్టాను. నెహ్రూ గారిని వదిలేశాను గానీ నాయనమ్మని వదల్లేదు. ఆమె అననివి కూడా ఆమె నోట పెట్టాను, ఆమె చదవదు కదా అనే ధైర్యంతో.

తెలుగు మాస్టారు పేపర్లు దిద్ది ఇచ్చినప్పుడు నా సమైక్యతా వ్యాసం పక్కన మార్జిన్లో ఎర్ర సిరాతో రెండే మాటలు రాశారు: "మళ్లీ పడవా?"

మార్కులు పన్నెండుకి నాలుగు. ఆ పేపరు తీసుకుని లైబ్రేరియన్ గారి దగ్గరికి ఫిర్యాదుకి వెళ్లాను. ఆయన చెప్పినట్టే కదా రాశాను! ఆయన చదివి, పెన్సిలు కోసం జేబు తడుముకుని, మళ్లీ ఎందుకో మానేసి, "జాతీయ సమైక్యత గురించి నీకేం తెలుసమ్మా?" అని అడిగారు.

"ఏమీ తెలియదండీ."

"మరి అది రాయలేకపోయావా?" అన్నారు.